తిథులు పెట్టిన చోటు

సర్వర్లో ఏ ఫైలు ఎక్కడ ఉండాలన్న విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. వంటింట్లో పోపులపెట్టె పక్కకి జరిగితే మా ఆవిడ ఉషారాణి ఎంత గొడవ చేస్తుందో, ఫైలు ఉండవలసిన చోట లేకపోతే నేను అంత గొడవ చేస్తాను. ఇరవై రెండేళ్ళుగా బొగ్గు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ల గదిలో నా ఉద్యోగమే అది. కుర్రవాళ్ళు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ అనుకునేవాణ్ణి. ఆ పట్టింపు వల్లనే మా ఊళ్ళోని లాల్‌ఖదాన్‌లో ఒక తల్లికి ఏడాది మొత్తంలో ఉన్న ఒక్క రోజూ లేకుండా పోయింది.

మొదటి నుంచీ చెబుతాను.

సూర్యం బాబాయ్ మా నాన్నతో కలిసి లోకో షెడ్డులో పనిచేశాడు. టైంకీపరు. ఎవరు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు అన్నది రాయడం ఆయన పని. ఆ అలవాటుతోనే ఇంటి దగ్గర ఇంకో పుస్తకం పెట్టాడు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో మనవాళ్ళు ఎవరు పోయినా, కర్మ అయిన మర్నాడు ఇంటి పెద్ద వెళ్ళి బాబాయ్ దగ్గర రాయించుకునేవాడు. పేరు, ఇంటిపేరు, మాసం, పక్షం, తిథి. అంతా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. పిల్లలు హిందీ బడుల్లో చదివారు, తెలుగు పంచాంగం చూడడం రాదు. పోనీ ఇక్కడి పంతుల్ని అడుగుదామా అంటే, వీళ్ళ నెల పున్నమితో అయిపోతుంది, మనది అమావాస్యతో అవుతుంది. వాళ్ళ లెక్కన పెడితే తద్దినం నెల తప్పుతుంది.

అందుకని ప్రతి ఉగాదికీ బాబాయ్ విజయనగరం నుంచి కొత్త పంచాంగం తెప్పించుకునేవాడు. ఎవరి రోజు ఎప్పుడు పడిందో చూసుకుని, రెండు రోజుల ముందు సైకిలేసుకుని వెళ్ళి గుమ్మంలోంచే చెప్పి వచ్చేవాడు. "ఎల్లుండి గురువారం మీ నాన్న రోజు" అనేవాడు. తిథి పేరు ఎత్తేవాడు కాదు. ఎత్తినా వినేవాడెవడు? పుస్తకం ఉంది, బాబాయ్ ఉన్నాడు, అందరికీ అదే ధీమా. ఇలా యాభై రెండేళ్ళు నడిచింది. పుస్తకంలో ఆరువందల పన్నెండు పేర్లు చేరాయి. ఆయనకు ఎనభై దాటాయి, మోకాళ్ళు పోయాయి, సైకిలు గోడకి ఆనింది.

బాబాయ్ మనవరాలు భవిత మా ఊరి కోని పేటలోని యూనివర్సిటీలో ఎంసీఏ చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ రెండు ముక్కలు చదవమంటే తల గోక్కుంటుంది. తాత బాధ చూసి ఒక వెబ్ అప్లికేషన్ రాసింది. పంచాంగం పట్టికలు అందులో ఉంటాయి. పోయినవాళ్ళ పేరు, తిథి ఎక్కిస్తే, ఆ ఏడు ఏ తేదీన పడిందో అదే చూసుకుని, రెండు రోజుల ముందు ఇంటివాళ్ళ ఫోనుకి కబురు పంపుతుంది. దాన్ని మా తెలుగు సంఘం గదిలో ఉన్న చిన్న సర్వర్లో పెట్టాలి. ఆ సర్వరు బాగోగులు చూసేది నేను.

దసరా సెలవుల్లో ఆ పిల్ల వచ్చి చూపించింది. పని చక్కగా చేసింది. నేను మెచ్చుకోవాలి కదా! మెచ్చుకోకుండా, ఫైళ్ళన్నీ తీసుకెళ్ళి వెబ్ సర్వరు బయటికి చూపించే ఫోల్డర్లో కుప్ప పోసిందని పట్టుకున్నాను.

"ఇలా ఎవరు చెయ్యమన్నారమ్మా నీకు?"

"అందరూ ఇలాగే పెడతారు కదా అంకుల్."

"అందరూ చేసేది తప్పు. ఆ ఫోల్డరు సర్వరు యజమానిది. బయటినుంచి వచ్చే ప్యాకేజీ, అంటే కట్టగట్టి దించే ప్రోగ్రాము, అక్కడ కాలు పెట్టకూడదు. ప్యాకేజీ తెచ్చుకునే సామానంతా షేర్ ఫోల్డర్లో తన పేరున ఒక గది చేసుకుని అక్కడ పెట్టుకోవాలి."

ఆ పిల్ల బుర్ర ఊపింది. నాకు వినేవాళ్ళు దొరకడమే అరుదు, ఇంక ఆగుతానా? రైల్వే క్వార్టరు పోలిక కూడా చెప్పాను. "షేర్ ఫోల్డరు క్వార్టరు లాంటిది. ఫ్యానూ ట్యూబులైటూ రైల్వేవి. ఇంజనీరింగు వాళ్ళు ఎప్పుడైనా వచ్చి పాతది పీకి కొత్తది బిగించి పోతారు, నిన్ను అడగరు. నీ సొంత సామాను మాత్రం అక్కడ ఉంచకూడదు. రోజూ మారేది, నువ్వు కూడబెట్టుకునేది వేరే చోట ఉండాలి" అన్నాను. ఇదంతా అక్షరాలా నిజం. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ ఎవరూ అనలేరు.

చెప్పి, ఆ పిల్ల ఫోల్డరు ఉన్నదున్నట్టు ఎత్తి, ప్యాకేజీగా కట్టి, షేర్ ఫోల్డర్లో దించాను. లోపల ఏమున్నాయో తెరిచి చూడలేదు. పంచాంగం పట్టికలతో పాటు తిథుల ఫైలు కూడా అక్కడే ఉంది. అప్పటికి అందులో భవిత పరీక్ష కోసం రాసుకున్న మూడు వరుసలే ఉన్నాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారు. ఆ బల్లిని నేనే.

వారం తరవాత భవిత ఫోను చేసింది. "అంకుల్, నయా నామ్ సేవ్ నహీ హో రహా. ఫైల్లో కొత్త పేరు రాయనివ్వట్లేదు" అంది. అవును మరి, షేర్ ఫోల్డరు రాయనివ్వదు. రాయడానికి కాదది. తిథుల ఫైలు కూడా అక్కడే ఉందని ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోవలసింది. నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. "అచ్ఛా, ఆ ఫైలుకి అనుమతి ఇచ్చెయ్, తరవాత చూద్దాం" అని పెట్టేశాను. ఆ తరవాత అన్నది ఎప్పుడూ రాలేదు.

దసరా నుంచి పుష్యమాసం దాకా తాతా మనవరాలూ సాయంత్రాలు కూర్చున్నారు. ఆయన చదువుతాడు, ఆ పిల్ల ఎక్కిస్తుంది. నేను రెండుసార్లు వెళ్ళి చూశాను. బాబాయ్ ఒట్టి పేరు చదివి ఊరుకునేవాడు కాదు. "ఈడు పైడిరాజు, ఫైర్‌మేను, సేమదుంపల పులుసంటే పడి సచ్చేవోడు" అని ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ చదివేవాడు. ఆరువందల పన్నెండో పేరు మా పిన్నిది, అంటే ఆయన భార్యది. అది చదివి కళ్ళద్దాలు తీసి మడిచాడు.

మాఘ పౌర్ణమి నాడు పొద్దున్నే నాకు ఫోను చేశాడు. "జేపీ, స్కూటరు తేరా, అర్పా ఏటి కాడికి ఎల్దాం" అన్నాడు. వెళ్ళేసరికి పుస్తకం పసుపుగుడ్డలో కట్టి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"ఇదేంటి బాబాయ్?"

"పోయినోళ్ళ పేరు ఒక్క సోటే ఉండాల. రెండు సోట్ల రాస్తే ఆ ఇంట్లో ఇంకో సావుని పిలిసినట్టు. మా నాయిన సెప్పినాడు. మిసన్లోకి ఎక్కినారు కదేటి, ఇంక ఇది ఉండకూడదు."

అది మా వైపు పాత పట్టింపు. శుభలేఖలు ఎన్నయినా అచ్చేస్తాం, చావు కబురు మాత్రం చదివిన వెంటనే చింపి పారేస్తాం. పేజీలు ఫోటోలు తీసుకుంటానని అంతకుముందు భవిత అడిగితే కూడా ఆయన ఒప్పుకోలేదు. నేనైనా గట్టిగా అడ్డుపడాల్సింది. మూడు చోట్ల బ్యాకప్ లేకపోతే నిద్రపట్టని మనిషిని. కానీ ఆయన మొహం చూస్తే వాదించబుద్ధి కాలేదు. పైగా రోజూ బ్యాకప్ నడుస్తోంది కదా అని నా ధైర్యం నాది. ఆ బ్యాకప్‌లో షేర్ ఫోల్డరు ఉండదు. ప్యాకేజీ వస్తువులు మళ్ళీ ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు, వాటికి బ్యాకప్ దండగ అని దాన్ని తీసేయించింది నేనే, చాలా ఏళ్ళ కిందట.

అర్పాలో మాఘానికి మోకాలిలోతు నీళ్ళు కూడా ఉండవు. ఇసుకలో చాలాదూరం నడిచి, కాస్త లోతున్న మడుగు వెతికి, పుస్తకానికి రాయి కట్టి ఇద్దరం కలిసి వదిలాం. బాబాయ్ చేతులు జోడించి నిలబడ్డాడు. తిరిగి వస్తుంటే స్కూటరు మీద హాయిగా పాత పాట కూడా తీశాడు.

ఉగాది దగ్గరపడింది. కొత్త పంచాంగం పట్టికలు ఎక్కించాలి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం కూడా వచ్చింది, అది చూసుకోకపోతే సగం తద్దినాలు నెల తేడా వస్తాయి. భవిత పట్టికలు తయారుచేసి పంపింది. నేను దసరానాటి ఆ పాత ఫోల్డర్లోనే వాటిని కలిపి ప్యాకేజీ కొత్తది కట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటినుంచే సర్వరుకి ఎక్కించాను. కొత్త సామాను వచ్చి పాత సామాను మీద కూర్చుంది. షేర్ ఫోల్డర్లో అదే ఆచారం, ఎవరినీ అడగదు. ఆరువందల పన్నెండు పేర్లున్న ఫైలు మీద మూడు వరుసల ఫైలు వచ్చి పడింది. తెర మీద అంతా సవ్యంగా అయిందని వచ్చింది. నేను లాప్‌టాప్ మూసేశాను.

వైశాఖంలో త్రినాథరావు సంఘం గదికి వచ్చి కేకలేశాడు. వాళ్ళ నాన్న తద్దినం దాటిపోయింది, ఒక్క కబురు రాలేదు. "సైకిలు మీద తిరిగినన్నాళ్ళూ ఒక్కపాలి తప్పలేదు, కంప్యూటరొచ్చింది, మా బాబు పస్తున్నాడు!" అన్నాడు. ఏదో ఫోను నంబరు తప్పయి ఉంటుందని నేను ఫైలు తెరిచాను. టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు, టెస్ట్ మూడు. కిందికి జరిపాను. కింద ఏమీ లేదు.

డిస్కు తీసుకుని రాయపూర్ వెళ్ళాను, పోయిన ఫైళ్ళు తవ్వితీసే షాపులో రెండు రోజులు కూర్చున్నాను. వాళ్ళు పెదవి విరిచారు. భవిత లాప్‌టాప్‌లోనూ ఆ మూడు వరుసలే. మిగతావన్నీ తను నేరుగా సర్వర్లోనే ఎక్కించింది.

బాబాయ్‌కి నేనే వెళ్ళి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. తన చేతులకేసి చూసుకున్నాడు. "ఏట్లో ఏసింది నాను కదేటి" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి గోడకేసి తిరిగి పడుకుని, షెడ్డులో హాజరు పిలిచినట్టు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిలుస్తూ పిలుస్తూ ఎక్కడో ఆగిపోతాడు. మళ్ళీ మొదటినుంచి.

భవితా నేనూ ఇంటింటికీ తిరిగాం. చావు తేదీ ఇంగ్లీషులో దొరికితే చాలు, తిథి కట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రాలు, పెన్షను కాగితాలు, ఆస్పత్రి చీటీలు, ఫోటోల వెనక రాతలు, ఏది దొరికితే అది. రైల్వే పుణ్యమా అని డ్యూటీ చేసి పోయిన ప్రతి మగవాడికీ ఎక్కడో ఒక కాగితం ఉంది. శ్రావణం వచ్చేసరికి ఐదువందల ఎనభై దాకా తిరిగి రాశాం. ఈసారి పెట్టవలసిన చోట పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

దొరకనివాటిలో ఒకటి కనకం.

కనకం లాల్‌ఖదాన్‌లో ఉండే అచ్చియమ్మ పెద్దమ్మ కూతురు. మూడేళ్ళ పిల్ల. నేను పుట్టకముందే జ్వరమొచ్చి ఇంట్లోనే పోయింది, ఆస్పత్రి చీటీ లేదు. బొబ్బిలి దగ్గర పల్లెలో మంత్రసాని చేతుల్లో పుట్టింది, కాబట్టి పుట్టిన కాగితం లేదు. ఫోటో తీయించలేదు. ఐదేళ్ళు నిండని పిల్లకి రైల్లో టికెట్టు అక్కర్లేదు, అందుకని రైల్వే పాసులో కూడా పేరు రాయించలేదు. పసిపిల్లలకి తద్దినం లేదని పెద్దలందరూ అంటుంటే, అచ్చియమ్మ పెద్దమ్మ బాబాయ్ గుమ్మంలో ఒక పూటంతా కూర్చుని రాయించుకుందట. కనకం అన్న పిల్ల ఒకతి ఉండేదని ఈ భూమి మీద రాసి ఉన్నది ఆ ఒక్క వరుసే. ఆవిడకి తిథులు తెలియవు, ఏటా బాబాయ్ వచ్చి రోజు చెబితే, ఆవిడ బెల్లం అటుకులు కలిపి వీధిలో పిల్లలకు పంచేది. పెద్దమ్మ భర్త ఎర్రయ్య పెదనాన్న తేదీ పెన్షను పుస్తకంలో ఐదు నిమిషాల్లో దొరికింది. కూతురిది ఎక్కడా లేదు.

బాబాయ్‌ని అడిగాను. "శ్రావణమే" అన్నాడు. కాసేపాగి "బాద్రపదమేమోరా" అన్నాడు. "ఎడం పక్క పేజీ, కింద నుంచి రెండో వరస. కాగితం కనబడతంది జేపీ, అచ్చరం కనబడ్డం లేదు" అని కళ్ళు మూసుకున్నాడు. లాల్‌ఖదాన్ వీధిలో అడిగాను, పోయినేడు అటుకులు ఎప్పుడు పంచింది అని. ఒకావిడ రాఖీకి ముందన్నది, ఇంకొకావిడ ఇక్కడివాళ్ళ తీజ్ పండగ దాటాక, అంటే వినాయక చవితప్పుడు అన్నది. ఈ ఊహలతో తిథి కట్టలేం.

ఏదో ఒక తిథి చెప్పేద్దామని భవిత అంది. "అంకుల్, ఆమెకి ఎలా తెలుస్తుంది? ఖుష్ అయిపోతుంది." నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. రెండు రాత్రులు దానితోనే పొర్లాను. కానీ ఆవిడ యాభై ఏళ్ళు ఒక్క ఏడు కూడా తప్పకుండా చేసినదాన్ని, నా తప్పు కప్పుకోవడానికి నోటికొచ్చిన రోజున చేయించనా? నాకు చేతకాలేదు. శ్రావణం మొదటి శనివారం పొద్దున ఒక్కణ్ణే బయలుదేరాను.

ఆవిడది రైలు పట్టాలకి ఆనుకున్న రెండు గదుల ఇల్లు. చాప వేసి కూర్చోబెట్టింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, వెన్ను నిటారుగా ఉంటుంది.

"సూర్యంబాబుకి ఒంట్లో బాగోనేదంట కదా. నువ్వొచ్చినావు, మంచిది. ఎప్పుడొచ్చింది బాబూ ఈ ఏడు?" అంది.

నేను మొత్తం చెప్పాను. ఫోల్డర్ల గోల ఆవిడకెందుకు? పుస్తకంలోది కంప్యూటర్లో ఎక్కించారని, ఉంచకూడని చోట నేను ఉంచానని, నా చేతుల్తోనే చెరిపేశానని చెప్పాను. మధ్యలో ఒక గూడ్సు వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగడం నా వల్ల కాలేదు, ఏడ్చేశాను. యాభైకి దగ్గరపడుతున్నవాణ్ణి, ఆవిడ ముందు కుర్రవాడిలా ఏడ్చాను.

ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "నువ్వు సెరిపింది ఎప్పుడో నీకు తెలుసునా?"

"తెలుసు పెద్దమ్మా. అందులో నిమిషంతో సహా రాసి ఉంటుంది. ఆదివారం, మధ్యాహ్నం రెండూ పదిహేడు."

"అప్పుడు నువ్వేటి సేస్తన్నావు?"

"భోంచేస్తున్నాను. ఎడం చేత్తో మీట నొక్కి, కుడిచేత్తో మజ్జిగన్నం కలుపుకుంటున్నాను."

ఆవిడ మెల్లగా తలాడించింది.

"నానూ అన్నమే తింతన్నాను" అంది. "మూడు రోజులైంది మా కనకం గుంటకి జరం. కాస్త సల్లబడింది, నిద్దరోయింది అనుకున్నాను. ఆకలేసింది నాకు. ముద్ద కలుపుకున్నాను, అదే గదిలో, దాని పక్కనే. తిన్నానురా బాబూ, ఆపుకోనేదు, కంచం కాళీ సేసినాను. సెయ్యి కడుక్కొచ్చి ఒళ్ళు ముట్టుకుంటే అప్పటికే అయిపోనాది. ఎప్పుడు పోయిందో నాకు తెల్దు. పక్కనే కూకుని తింతన్నాను, తెల్దు."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎవురికీ సెప్పనేదు ఇది. మీ పెదనాన్నకి కూడా సెప్పనేదు." కాసేపు బయట పట్టాలకేసి చూసింది. "ఆ ఆదివారం ఏటి తిథి?"

"ఫాల్గుణ బహుళ ద్వాదశి."

"అదే రాయి."

"పెద్దమ్మా, అది నేను తప్పుచేసిన రోజు. కనకం రోజు కాదు."

"దాని రోజు ఇంక నేదు కదా. నువ్వే అన్నావు." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు దాన్ని పోగొట్టుకున్నోడు ఒకడున్నాడు, ఆడికి నిమిసం కూడా తెలుసు. నాకు అదీ తెల్దు. రాయి బాబూ. పేరు నేకుండా ఉంచకు దాన్ని."

ఫోను తీశాను. పేరు రెండుసార్లు తప్పు కొట్టాను. కనకం, మూడేళ్ళు, ఫాల్గుణ బహుళ ద్వాదశి. సేవ్ అయిందని వచ్చేదాకా చూశాను. ఆవిడ కూడా నా భుజం మీదుగా తెరకేసి చూసింది. చదవడం రాదు, అయినా చూసింది.

"ఎప్పుడొస్తాదది?"

"వచ్చే ఏప్రిల్లో. ఏడు నెలల పైన ఉంది."

"అయితే ఈ ఏడు దానికి రోజు నేనట్టే" అంది.

నేను తలదించుకున్నాను. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వంటగట్టు దగ్గరకు వెళ్ళింది. గట్టు మీద కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అటుకుల పొట్లం, బెల్లం దిమ్మ ఉన్నాయి. పొట్లం విప్పి అటుకులు డబ్బాలో పోసి మూత బిగించింది. బెల్లం దిమ్మని పళ్ళెంలో పెట్టి, చీమలు పట్టకుండా నీళ్ళు పోసిన గిన్నె మధ్యలో ఉంచింది.